లారీకి బొట్టు పెట్టిందెవరు?

ఆదివారం మధ్యాహ్నం. కాంప్ ద మాస్క్ అనే ఊళ్లో వీరాస్వామి వాకిట్లో రెండు లారీలు నిలబడి ఉన్నాయి. ఊళ్లో సగం మంది వాటి చుట్టూ మూగారు. మిగతా సగం మంది దారిలో ఉన్నారు.

ఇది మారిషస్‌లో మోటారు బళ్లు అప్పుడప్పుడే కనిపిస్తున్న రోజుల మాట. లారీ అంటే చక్కెర ఎస్టేటు దొరలకే ఉండేది. అలాంటిది, వంకాయలూ గుమ్మడికాయలూ పండించుకునే వీరాస్వామి లారీ కొనడమేమిటి? అందులోనూ ఒకేసారి రెండు బళ్లు వచ్చి వాకిట్లో నిలబడటమేమిటి?

"రెండూ కొంటాడా ఏటి?" అని ఒకాయన నోరు తెరిచాడు.

"ఒకటే. ఏదన్నదే తేలాలి" అన్నాడు శివరాం. ఆయన ఊళ్లో భజన నడిపే పెద్దమనిషి. ఆయనకు తెలియని సంగతి ఉండదు. తెలియకపోయినా తెలిసినట్టే చెబుతాడు.

వీరాస్వామి ఎడ్లు ముసలివైపోయాయి. ఫ్లాక్ ఊరి సంతకు బండి చేరేసరికి కూరాకులు వాడిపోతున్నాయి. అందుకే ఆయన ఈ సాహసానికి దిగాడు.

ఒక లారీ కొత్తది. పోర్ట్ లూయిస్ నుంచి జీన్ అనే కంపెనీ మనిషి తెచ్చాడు. ఆకుపచ్చ రంగు, ఇత్తడి దీపాలు. వాటిలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. జీన్ టోపీ తీసి, పెట్టి, మళ్లీ తీసి దాని గొప్పలు చెబుతున్నాడు.

రెండోది పాతది. సుయాక్ రేవు నుంచి రోజర్ అనే ముసలాయన తోలుకొచ్చాడు. చక్రం మీది ఒక రెక్క సొట్టపోయింది. తలుపును తాడుతో కట్టారు. ఇన్నేళ్లుగా రేవు నుంచి ఎండుచేపలు మోసి మోసి, ఆ వాసన చెక్కల్లోకి ఇంకిపోయింది.

"ఎత్తు ఎక్కేటప్పుడు మధ్యలో ఆపి నీళ్లు పోయాలి" అన్నాడు రోజర్ అక్కడి క్రియోల్ భాషలో. "వానలో కాస్త మొరాయిస్తుంది. కానీ నడిదారిలో నన్నెప్పుడూ వదిలేయలేదు. నాకు వయసైపోయింది. మీ ఎడ్లబండి ఇచ్చి, పైన కొంచెం ఇస్తే చాలు."

అమ్మకానికి తెచ్చిన బండి తప్పులు తనే చెబుతున్న ఆ మనిషిని అందరూ వింతగా చూశారు.

వీరాస్వామి కూతురు అంకమ్మ మాత్రం ముక్కు మూసుకుంది. దానికి పదేళ్లు. తండ్రి మనసు పాతదాని వైపు మొగ్గుతోందని దానికి అర్థమైపోయింది. దాని గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే, మొన్ననే బడిలో రామలక్ష్మి అందరి ముందూ అడిగింది. "మీ అయ్య చేపల బండి కొంటున్నాడట కదే! రోజూ మేము ముక్కు మూసుకోవాలా?" అని. పిల్లలంతా గొల్లున నవ్వారు. రామలక్ష్మి అంకమ్మకు ప్రాణస్నేహితురాలు. అదే నవ్వితే ఇక ఎవరితో చెప్పుకుంటుంది?

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆవైనా, ఎద్దైనా, నాగలైనా, ఇంటికి కొత్తగా ఏది వచ్చినా మామ్మ నర్సమ్మ దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాలి. బొట్టు పడ్డాక అది ఇంటిదైపోయినట్టే. ఇక వెనక్కి పంపడమన్న మాటే లేదు. ఆ పని మామ్మ తప్ప ఇంకొకరు చేయకూడదు. ఆమె ఉండగా అంకమ్మ తల్లి కూడా ఒక్క దూడకైనా బొట్టు పెట్టి ఎరగదు.

ఆ పొద్దున మామ్మ పెరట్లో వేపచెట్టు కిందున్న అమ్మోరికి దణ్ణం పెట్టుకుంది. "ఏ బండి మాకు మంచిదో నువ్వే సూపించు తల్లీ" అని పైకే అడిగింది.

"భోజనాలయ్యాక అమ్మ బొట్టు పెడుతుంది" అని వీరాస్వామి ప్రకటించాడు. ఊరివాళ్లు అన్నాలకు ఇళ్లకు వెళ్లారు. జీన్‌కూ, రోజర్‌కూ, శివరాంకూ వెనక వసారాలో అరిటాకులు వేశారు.

అంకమ్మ నాలుగు ముద్దలు తిని లేచింది.

"అదేటే, అన్నం ఒగ్గేశావు?" అంది తల్లి.

"కడుపు నిండిపోయిందమ్మా. సెయ్యి కడుక్కుంటాను."

చెయ్యి కడుక్కుంది. ఆ తర్వాత పిల్లిలా దేవుడి గదిలోకి దూరింది. పసుపు గిన్నె, కుంకుమ భరిణె తీసుకుని ముందు వాకిట్లోకి వెళ్లింది. అక్కడ ఒక కోడిపెట్ట తప్ప ఎవరూ లేరు.

కొత్త లారీ ముందున్న ఇనుప కమ్మీ మీద కాలు పెట్టి ఎక్కింది. తడిపిన పసుపులో మూడు వేళ్లు ముంచి, లారీ నుదుటి మీద అడ్డంగా గీసింది. దాని మీద ఎర్రటి బొట్టు పెట్టింది. ఎంత అందంగా ఉందో!

'మామ్మ రెండు రోజులు తిడుతుంది. అయ్య ఒకటి వేస్తాడేమో. వెయ్యనీ. బండి మాత్రం మాదే' అనుకుంది. తిట్లకూ దెబ్బలకూ సిద్ధపడే ఆ పని చేసింది. గిన్నె, భరిణె యథాస్థానంలో పెట్టేసి, ఏమీ ఎరగనట్టు వసారాలోకొచ్చి కూర్చుంది.

ముందుగా చూసింది శివరాం. చెయ్యి తుడుచుకుంటూ వాకిట్లోకి వెళ్లిన మనిషి కెవ్వుమన్నాడు.

"అయ్యబాబోయ్! రండి! అందరూ బేగి రండి!"

పాము కనబడిందేమోనని వీరాస్వామి కర్ర పట్టుకుని పరుగెత్తాడు. అందరూ వెళ్లారు. అందరూ చూశారు.

"ఎవరు పెట్టారు?" అన్నాడు వీరాస్వామి.

"నాను కాదు. అత్తమ్మ ఉండగా నాను పెడతానా?" అంది అంకమ్మ తల్లి.

జీన్ ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకున్నాడు. "మో బొందియే! దేవుడా! నేను వసారాలోనే ఉన్నాను" అన్నాడు. రోజర్ చేతులు చాపి చూపించాడు. వాటికి నల్లటి నూనె మరకలు తప్ప ఇంకేమీ లేవు.

అంకమ్మ వైపు ఎవరూ చూడనే లేదు. ఆ ఇంటి పిల్ల అంత పని చేస్తుందని ఎవరికి తడుతుంది?

శివరాం గొంతు తగ్గించాడు. "వీరాస్వామీ, ఇది మనుషులు పెట్టిన బొట్టు కాదయ్యా. పొద్దున్న మీ అమ్మ ఏటి అడిగింది? ఎవరిని అడిగింది?"

మామ్మ అప్పటిదాకా రాయిలా నిలబడి ఉంది. ఆ మాట వినగానే ఆమె మోకాళ్ల మీద కూలబడింది.

"పలికావా తల్లీ!" అని ఏడ్చింది. "ఇన్నాళ్లకి పలికావా!"

తిడుతుందనుకున్న మామ్మ దణ్ణం పెడుతోంది! 'నానే మామ్మా' అని చెప్పడానికి అంకమ్మ నోరు తెరిచింది. కానీ మామ్మ కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతుంటే ఆ నోరు మళ్లీ మూసుకుంది. కుడిచేతిని వెనక్కి దాచుకుని, దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయింది.

ఇక చూడాలి సందడి! కబురు గోరంతైతే ఊరు దాన్ని కొండంత చేసింది. బొట్టు దానంతటదే మెరిసిందని ఒకరన్నారు. గజ్జెల చప్పుడు విన్నానని ఇంకొకరన్నారు. విన్నానన్న మనిషి ఇల్లు పక్క వీధిలో ఉంది. కొబ్బరికాయలు పగిలాయి. శివరాం తాళాలు తెప్పించి భజన అందుకున్నాడు. జీన్ టోపీ చంకలో పెట్టుకుని, భయమూ సంతోషమూ కలిసిన ముఖంతో కాగితాలు సర్దుకుంటున్నాడు. రోజర్ మాట్లాడకుండా తన పాత బండి తలుపుకు తాడు బిగిస్తున్నాడు.

ఆ గోలలో అంకమ్మ తండ్రి ముఖం చూసింది. అందులో నెత్తురుచుక్క లేదు.

"అమ్మోరు అడిగాక కాదనేదేముంది?" అంటున్నాడు ఆయన తల్లితో. "కొత్తది కొనాలంటే వాగొడ్డు చేను అమ్మాల్సిందే. ఎస్టేటువాళ్లు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. రేపే ఇచ్చేస్తాను."

వాగొడ్డు చేనా? కొత్త లారీకి డబ్బు ఎక్కువవుతుందని మాత్రమే అంకమ్మకు తెలుసు. ఆ ఎక్కువ ఎక్కడినుంచి వస్తుందో ఎవరూ చెప్పలేదు. తనూ అడగలేదు.

ఆ చేను తాత ఆదినారాయణది. ఆయన కుర్రతనంలో మామ్మతో పాటు కోరంగి రేవులో ఓడెక్కి ఈ దేశం వచ్చాడు. దొరల చెరకు తోటల్లో ఒళ్లు విరుచుకుని పనిచేసి, ఒప్పందం తీరాక ఆ తుప్పల నేల కొనుక్కున్నాడు. అందులో మట్టి కంటే రాళ్లే ఎక్కువ. ఆ నల్లరాళ్లన్నీ ఒక్కొక్కటిగా ఏరి, మధ్యలో ఇల్లంత కుప్ప పోశాడు. ఆ రాళ్లెత్తే ఆయన నడుం వంగిపోయింది.

తాత అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. చేతికర్ర తీసుకుని చేను వైపు నడిచాడు. మామ్మ కళ్లు తుడుచుకుని ఆయన వెనకే వెళ్లింది. అంకమ్మ వాళ్ల వెనక వెళ్లింది.

తాత రాళ్లకుప్ప దగ్గర ఆగి, దాని మీద చెయ్యి వేశాడు. ఎద్దు వీపు నిమిరినట్టు ఆ రాళ్లను నిమిరాడు.

"బాధపడుతున్నావా?" అంది మామ్మ.

"లేదే. తల్లి అడిగితే ఇవ్వనంటామా?" అన్నాడు తాత. అలా అంటూనే ముఖం అటు తిప్పుకున్నాడు.

తాత ఏడవడం అంకమ్మ ఎప్పుడూ చూడలేదు.

"తాతా, అమ్మోరు అడగలేదు!" అని అరిచింది. "నాను పెట్టాను! ఆ బొట్టు నాను పెట్టాను!"

ఇద్దరూ వెనక్కి తిరిగారు. అంకమ్మ కుడిచెయ్యి చాచింది. గోళ్ల సందుల్లో పసుపు ఇంకా ఉంది.

మామ్మ ఆ చెయ్యి పట్టుకుని చూసింది. అరవలేదు, కొట్టలేదు. మెల్లగా ఒక రాయి మీద కూర్చుంది.

"ఓడెక్కిన నాటినుంచీ ఆ తల్లిని ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నానే" అంది. "ఈ రోజు నా మాట వింది అనుకున్నాను. ఎంత మురిసిపోయానో తెలుసా నీకు?"

దీనికంటే మామ్మ రెండు చెంపలూ వాయించి ఉంటే నయమనిపించింది అంకమ్మకు. అది వెక్కి వెక్కి ఏడ్చింది. చేపల బండంటే సిగ్గేసిందనీ, అందుకే ఇలా చేశాననీ ఏడుపు మధ్యలోనే చెప్పింది. చేను సంగతి తెలియదని కూడా చెప్పింది.

తాత కర్ర నేలకు తాటించాడు. "ఏడుపు తర్వాత. ఆ టోపీ అబ్బి మీ అయ్య చేత కాగితం మీద వేలిముద్ర వేయించేస్తాడు. పదండి బేగి!"

"నాను సెప్పనా, నువ్వు సెప్తావా?" అని మామ్మ అడిగింది.

అంకమ్మ అప్పటికే పరుగెడుతోంది.

వాకిట్లో భజన తారస్థాయిలో ఉంది. జీన్ కాగితం పరిచాడు. వీరాస్వామి బొటనవేలికి సిరా అంటించుకున్నాడు.

"అయ్యా, ఆగు! బొట్టు పెట్టింది నాను!"

తాళాల చప్పుడులో ఎవరికీ వినబడలేదు. అంకమ్మ అరుగెక్కి, ఉన్న గొంతంతా పెట్టి మళ్లీ అరిచింది. తాళాలు ఒక్కొక్కటే ఆగాయి. అందరి తలలూ దానివైపు తిరిగాయి.

"పిల్ల జడుసుకుంది" అన్నాడు శివరాం జాలిగా. "లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టండమ్మా."

నమ్మరే! అబద్ధాన్ని అందరూ చిటికెలో నమ్మారు. నిజం చెబితే పడుకోబెట్టమంటున్నారు! అంకమ్మ అరుగు దిగి, జనాన్ని తోసుకుంటూ లారీ దగ్గరకు వెళ్లింది. ఇనుప కమ్మీ ఎక్కి, తన మూడు వేళ్లను ఆ పసుపు గీతల మీద ఆనించింది. సన్నటి గీతల మీద సన్నటి వేళ్లు సరిగ్గా సరిపోయాయి.

శివరాం చేతిలోని తాళం జారి కింద పడింది. గజ్జెల చప్పుడు విన్నానన్న మనిషి ఎప్పుడు వెళ్లిపోయాడో ఎవరూ చూడలేదు.

వీరాస్వామి సిరా అంటిన వేలిని అలాగే పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. "నువ్వా?" అన్నాడు. "నువ్వా అంకీ?"

"నాను అయ్యా" అంది అంకమ్మ. తల వంచుకుంది కానీ కదలలేదు.

జీన్‌కు ఎవరో జరిగింది వివరించారు. ఆయన ముఖం ఎర్రబడింది. "అయితే ఏమిటి? బొట్టు పడితే ఇక వెనక్కి పంపరని మీరే చెప్పారు కదా!" అన్నాడు.

అందరూ మామ్మ వైపు చూశారు. అది నిజమే. పెట్టిన బొట్టు చెరపడం అశుభం. మరి చెరపకుండా పంపడమెలా?

మామ్మ లారీ చుట్టూ ఒకసారి తిరిగింది. అప్పటికి ఆమె కళ్లు ఆరాయి. గొంతులో మామూలు గదమాయింపు కూడా వచ్చేసింది.

"ఇంటికి పేరంటానికొచ్చిన ముత్తైదువకి బొట్టు పెట్టి పంపమా?" అంది. "బొట్టు పెట్టామని ఆవిడని మనింట్లోనే ఉంచేసుకుంటామా ఏటి? ఈ కొత్తమ్మా పేరంటాలే. తాంబూలం తెండి."

అంకమ్మ తల్లి తమలపాకులు, అరటిపళ్లు తెచ్చింది. మామ్మ వాటిని జీన్ చేతుల్లో పెట్టింది. ఆయన ఏమనాలో తోచక టోపీ తీసి, పళ్లు అందులో పెట్టుకున్నాడు. ఆకుపచ్చ లారీ నుదుట బొట్టుతో పోర్ట్ లూయిస్ దారి పట్టింది.

ఆ తర్వాత మామ్మ స్వయంగా భరిణె తెచ్చి రోజర్ లారీకి బొట్టు పెట్టింది. చేపల వాసనకు ఆమె ముక్కు ముడుచుకుంది కూడా. రోజర్ మాత్రం ఆ సాయంత్రమంతా వీరాస్వామికి బండి తోలడం నేర్పి, దాన్ని వదల్లేక వదల్లేక, దాని రెక్కను రెండుసార్లు తట్టి దిగాడు.

ఆ రాత్రి అంకమ్మతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. అయ్య అసలు మాట్లాడలేదు.

మర్నాడు తెల్లవారేసరికి ఇంటిముందు ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. పేరు గౌరీదేవి. పక్క ఎస్టేటు కూలీల కాంపు నుంచి చీకటితోనే నడిచి వచ్చింది. కాళ్ల నిండా బురద. ఒళ్లో కొబ్బరికాయ.

"అమ్మోరు బొట్టు పెట్టిన బండి ఎక్కడమ్మా?" అని అడిగింది. "నా మనవడికి జ్వరం తగ్గట్లేదు. మొక్కుకుందామని వచ్చాను."

నిజం తెలిసింది ఈ ఊరికే. అబద్ధం నిన్న సాయంత్రమే ఊళ్లు దాటి వెళ్లిపోయింది! దాన్ని వెనక్కి పిలవడం ఎవరి తరం?

మామ్మ లేచింది. చెప్పబోయి, చెప్పలేక ఆగింది. అప్పుడు అంకమ్మ వెళ్లి ఆ ముసలమ్మ ముందు కూర్చుంది.

"అవ్వా, ఆ బొట్టు అమ్మోరు పెట్టలేదు. నాను పెట్టాను. తప్పు చేశాను."

గౌరీదేవి దాని ముఖంలోకి చూసింది. కోప్పడలేదు. "ఇంత దూరం వచ్చానే" అని మాత్రం అంది. ఆ మాట విని అంకమ్మ లేచింది. చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె కాళ్లు కడిగింది. మామ్మ ఆమెను పెరట్లో వేపచెట్టు దగ్గరకు తీసుకెళ్లి, మనవడి పేరున తనూ కలిసి మొక్కింది. వీరాస్వామి ఆమెను పాత లారీలో ఇంటి దగ్గర దింపి వచ్చాడు.

ఆయన తిరిగొచ్చేసరికి అంకమ్మ గడప మీదే ఉంది. మొక్కుకోడానికి వచ్చిన మరో ఇద్దరికి అది అప్పటికే నిజం చెప్పింది. ఇంతలో వీధి చివర రామలక్ష్మి కనిపించింది. పట్టు పరికిణీ కట్టుకుని, వాళ్లమ్మతో కలిసి కొబ్బరికాయ పట్టుకుని వస్తోంది. ఫ్లాక్‌లో చుట్టాలింటి నుంచి తిన్నగా ఇటే వస్తున్నారు. బొట్టు కబురు విన్నారు కానీ అసలు నిజం తెలియదు.

అంకమ్మ ముఖం పాలిపోయింది. అది చూసి వీరాస్వామి నిన్నటి తర్వాత మొదటిసారి కూతురితో మాట్లాడాడు.

"నువ్వు లోపలికెళ్లమ్మా. వీళ్లకి నాను సెప్తాలే."

"వద్దయ్యా" అంది అంకమ్మ. లేచి వాకిలి దాటింది.

"రామలక్ష్మీ, కాయ కొట్టొద్దే. ఆ బొట్టు అమ్మోరు కాదు, నాను పెట్టాను. చేపల బండంటే నువ్వు నవ్వావని పెట్టాను. మేము కొన్నది చేపల బండే."

రామలక్ష్మి తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ఆ తర్వాత అది నవ్విందో లేదో అంకమ్మ చూడలేదు. దారి మలుపులో ఇంకో నలుగురు వస్తున్నారు. వాళ్లు ఇంకా దూరం నడవకముందే చెప్పాలని గబగబా ఎదురు వెళ్లింది.